కబుర్లు చెప్పుకుంటూ చంద్రగిరికి

తిరుపతి నుంచి చంద్రగిరి సుమారు 12 కిలోమీటర్లు. బస్సెక్కితే కండక్టరు ఇచ్చిన చిల్లర లెక్క చూసుకునేలోగా ఊరొచ్చేస్తుంది. అదే ఊరికి సైకిళ్ళ మీద, తొందర లేకుండా, కొండ వారగా కాస్త చుట్టు తిరిగి వెళ్ళడం ఇక్కడ కొంతమందికి చలికాలపు అలవాటు. శని, ఆదివారాలు తెల్లవారే వేళకు పదిహేను ఇరవై మంది అలిపిరి దగ్గర పోగవుతారు. బ్యాంకు ఉద్యోగులు, పంతుళ్ళు, పంతులమ్మలు, దుకాణదారులు, పెన్షనర్లు, కాలేజీ పిల్లలు అందరూ ఉంటారు. ఒకరిది తండ్రి నాటి సైకిలు, బాగుచేయించుకుని తెచ్చింది. ఇంకొకరిది మోటారు సైకిలు కంటే ఖరీదైన గేర్ల సైకిలు. నేనూ వీలు చిక్కినప్పుడల్లా ఆ జట్టులో ఉంటాను.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ ఓ.పి.లో నాకు ఒకే తరహా ప్రశ్నలు. "డాక్టరు గారూ, నాకు బి.పి. ఉంది, సైకిలు తొక్కవచ్చునా?" "షుగరు మాత్రలు వాడుతున్నాను, ఏమీ తినకుండా వెళ్ళవచ్చునా?" "ఎప్పుడో ముప్ఫై ఏళ్ళ కిందట తొక్కాను, ఇప్పుడు మోకాళ్ళు ఊరుకుంటాయా?" "వ్యాయామం చేస్తూ చేస్తూనే కుప్పకూలిపోతున్నారట గదా, మనకెందుకొచ్చిన గొడవ?"

వీటికి విడివిడిగా జవాబులు చెప్పేకన్నా, పాఠకులను ఒకసారి ఆ దారి వెంట చంద్రగిరి దాకా తీసుకువెళ్ళి తీసుకువస్తే, ఏ సందేహం ఎక్కడ తీరాలో అక్కడే తీరుతుందని నా నమ్మకం.

బయల్దేరే ముందు

మన చలి కాశ్మీరు చలి కాదు. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు నడిమికి తెరిపి ఇచ్చాక, సంక్రాంతి వెళ్ళి కొన్నాళ్ళ వరకూ పొద్దున పూట మంచు పడుతుంది, శాలువా కప్పుకోవాలనిపిస్తుంది. అంతే. అయినా శరీరానికి ఆ మాత్రం చలి కూడా లెక్కే. చల్లగాలి తగలగానే చర్మం కింది సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఒంట్లో వేడి బయటికి పోకుండా కాపాడుకునే ఏర్పాటు అది. అయితే అదే రక్తాన్ని ఇరుకైన దారిలో నెట్టాలి గనక రక్తపోటు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. పైగా నిద్ర లేచిన మొదటి రెండు మూడు గంటల్లో రక్తపోటు సహజంగానే పైకి లేస్తుంది. గుండెపోట్లు చలికాలంలోనూ, ఉదయం పూటా ఎక్కువగా వస్తాయని చాలా దేశాల్లో గమనించారు.

ఇది చదివి దుప్పటి ముసుగుతన్ని పడుకోమని నా ఉద్దేశం కాదు. పక్క మీద నుంచి లేచి పది నిమిషాల్లో సైకిలెక్కి పరుగు తీయవద్దంటున్నాను. లేచాక ఓ అరగంట ఇంట్లోనే అటూ ఇటూ తిరగండి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళు తాగండి. పొద్దున వేసుకోవలసిన బి.పి. మాత్రను "వచ్చాక చూసుకుందాంలే" అని వాయిదా వేయకండి. చెవులు కప్పుకోండి. ఒకే మందపాటి స్వెట్టరు బదులు రెండు పల్చని చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే, చెమట పట్టగానే ఒకటి విప్పి క్యారియరుకు కట్టుకోవచ్చు.

ఎవరు ముందుగా డాక్టరును కలవాలి? నలభై దాటి, చాలా ఏళ్ళుగా కుర్చీకే అతుక్కుపోయినవారు, బి.పి., మధుమేహం, పొగతాగే అలవాటు, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవారు - వీటిలో ఏదైనా ఉన్నవారు. మెట్లెక్కితే ఛాతీ బిగబట్టినట్టు ఉండి, కూర్చుంటే తగ్గిపోయే లక్షణం ఉన్నవారు సైకిలు సంగతి పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి రావాలి. రక్తపోటు 180/110 ఉన్నవారు దాన్ని అదుపులోకి తెచ్చుకున్నాకే ఇలాంటి ప్రయాణాలు పెట్టుకోవాలి. జ్వరం వచ్చి తగ్గీ తగ్గకుండా ఉన్నప్పుడు ఎవరూ తొక్కకూడదు. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, ఆపరేషను జరిగినవారు తమ డాక్టరు సరేనన్నాక, ఆయన చెప్పిన మోతాదులో తొక్కవచ్చు.

ఒక మాట. "ఇ.సి.జి. బాగుందన్నారు, నాకింకేం భయం" అనేవారున్నారు. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. ఆ నిమిషంలో గుండె ఎలా ఉందో చెబుతుంది. ఎగువ రోడ్డు మీద ఎలా ఉంటుందో చెప్పదు. కాగితం బాగున్నా, శ్రమ పడినప్పుడు ఛాతీలో బరువుగా ఉంటే ఆ బరువునే నమ్మాలి.

కొండ కింద దారి

అలిపిరి నుంచి చెర్లోపల్లె వైపు వెళ్ళే రోడ్డుకు కుడిచేతి వైపు శేషాచలం కొండలు తోడు వస్తాయి. పొద్దున కొండ నడుము దాకా మంచు కట్టి, పైన శిఖరాలు మాత్రం తేలుతున్నట్టు కనిపిస్తాయి. 1987లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఈ దారిలోనే ఉంది. చెట్ల మీద నెమళ్ళు అరుస్తుంటాయి. ఊరి పొగా దుమ్మూ వెనకబడి, గాలిలో తడి ఆకు వాసన తెలుస్తుంది.

అయితే ఇది అడవి అంచు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారి చిరుత వాత పడిన విషయం అందరికీ తెలుసు. ఈ కొండ కింద రోడ్డు మీద కూడా చిరుతలు కనిపించిన సందర్భాలున్నాయి. అంచేత వెలుగు రాకముందు, ఒంటరిగా ఈ దారిన పోకూడదు. మంచు విడిచి, మనిషి మొహం తెలిసే వెలుగు వచ్చాకే జట్టు కదులుతుంది. అది చలికి కూడా మంచిదే. అరగంట ఆలస్యమైతే కొంప మునగదు.

మొదటి పది పదిహేను నిమిషాలు నడకకంటే కాస్త ఎక్కువ వేగంతో తొక్కాలి. చల్లగా ఉన్న కండరాలు బిగుసుకుని ఉంటాయి. వాటికి రక్తం అందాలి, కీళ్ళు సాగాలి, గుండె కూడా మెల్లగా పుంజుకోవాలి. మంచి ఎడ్లబండి వాడు ఎడ్లను కొట్టం లోంచి తోలగానే దౌడు తీయించడు గదా. ఆగేటప్పుడూ అంతే. వేగంగా వచ్చి టక్కున దిగి నిలబడితే కాళ్ళలోని రక్తం కాళ్ళలోనే నిలిచి కళ్ళు తిరగవచ్చు. చివరి ఐదు నిమిషాలు నెమ్మదించి దిగాలి.

చల్లగాలి నోటితో పీలిస్తే నేరుగా ఊపిరి గొట్టాల్లోకి పోతుంది. ముక్కుతో పీలిస్తే కాస్త వెచ్చబడి, తడిసి, వడకట్టుకుని పోతుంది. ఉబ్బసం ఉన్నవారికి ఈ తేడా చాలా ముఖ్యం. వారు ముక్కూ నోరూ కలిపి పల్చని గుడ్డ చుట్టుకోవాలి. వ్యాయామంతో ఆయాసం వచ్చేవారు డాక్టరు చెప్పిన పీల్చే మందును బయల్దేరే పది పదిహేను నిమిషాల ముందు పీల్చి, ఆ డబ్బీని జేబులోనే ఉంచుకోవాలి. ఇంట్లో బీరువాలో ఉన్న మందు దారిలో పనికిరాదు.

మాట తెగకూడదు

ఈ జట్టులో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. ముందెవరు పోతున్నారన్నది వాళ్ళకు పట్టదు. వెనకెవరున్నారన్నదే పట్టింపు. కొత్తవాళ్ళను, పెద్దవాళ్ళను మధ్యలో ఉంచుకుని, బాగా అలవాటున్న ఒకరు అందరికంటే చివర వస్తారు. ఆయన కంటే వెనకబడడానికి ఎవరికీ వీల్లేదు. ఎవరైనా ఆగితే ఆయనా ఆగుతాడు, ఈల వేస్తాడు, జట్టంతా ఆగుతుంది. అందరిలోకీ మెల్లగా తొక్కేవారి వేగమే జట్టు వేగం.

ఎంత వేగం మంచిది? దీనికి చేతి గడియారాల్లో లెక్కలు వచ్చాయి గాని, అంతకంటే నమ్మకమైన కొలత మన నోట్లోనే ఉంది. తొక్కుతూ పక్కవారితో కబుర్లు చెప్పగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అన్నమయ్య పాట హాయిగా పాడగలిగితే ఇంకాస్త గట్టిగా తొక్కవచ్చు. మూడు మాటలకు ఒకసారి ఊపిరి కోసం ఆగవలసి వస్తే వేగం తగ్గించాలి. కొన్ని బి.పి., గుండె మందులు నాడి వేగాన్ని పెరగనివ్వవు. అవి వాడేవారి గడియారంలో అంకె తక్కువగా ఉన్నా గుండె మాత్రం పూర్తి శ్రమలోనే ఉండవచ్చు. వారికి కూడా ఈ మాటల కొలతే దిక్కు.

ఈ కొలత ఎంత విలువైనదో రెండు చలికాలాల కిందట కళ్ళారా చూశాను. యాభై నాలుగేళ్ళ దుకాణదారు ఒకాయన ఆ నెలలోనే జట్టులో చేరాడు. కూతురి పెళ్ళి కుదిరింది. ఆ రోజు అలిపిరి నుంచీ ఆ పెళ్ళి కబుర్లే. వంటవాళ్ళు ఎంత అడుగుతున్నారు, సత్రం ఎక్కడ దొరికింది, వియ్యంకుడు ఏమన్నాడు, అన్నీ పక్కన తొక్కుతున్న పంతులమ్మకు చెబుతున్నాడు. చెర్లోపల్లె దాటి మంగాపురం వైపు చిన్న ఎగువ మొదలవగానే మాట ఆగిపోయింది. పంతులమ్మ పది గజాలు చూసింది.

"ఏమన్నా, మాట ఆపేసినారే?"

"ఏం లేదమ్మా. రాత్రి తిన్న బజ్జీలు ఎగదంతా ఉండాయి. మీరు పోతా ఉండండి, నేనొస్తా."

ఆమె పోలేదు. ఈల వినిపించింది. నేను వెనక్కి వచ్చేసరికి ఆయన్ని గట్టు మీద కూర్చోబెట్టారు. అంత చలిలో నుదుట చెమట. ఛాతీ మీద ఏదో రాయి పెట్టినట్టుందన్నాడు, ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు, మళ్ళీ "గ్యాసే సార్" అన్నాడు. ఇంకో అడుగు నడవనివ్వలేదు. ఆస్పిరిన్ పడనితనం, కడుపులో పుండు, రక్తస్రావం లాంటివి లేవని అడిగి తెలుసుకుని, జట్టు సంచిలోని 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించాను. అప్పటికే ఒకరు 108కి ఫోను చేశారు. తిరుపతి ఆస్పత్రిలో గుండెపోటేనని తేలింది. ఆ పూటే మూసుకున్న నాళాన్ని తెరిచారు. పెళ్ళి అనుకున్న ముహూర్తానికే, ఆయన చేతుల మీదుగానే జరిగింది. ఇప్పుడు డాక్టరు అనుమతితో మళ్ళీ తొక్కుతున్నాడు, జట్టు మధ్యలో.

అదే మనిషి ఒంటరిగా ఉంటే "కాసేపు ఓర్చుకుంటే తగ్గిపోతుంది" అనుకునేవాడు. వేగమే గొప్ప అనుకునే జట్టులో ఉంటే, వెనకబడితే నవ్విపోతారని ఇంకా గట్టిగా తొక్కేవాడు. గుండె కండరానికి రక్తం ఆగిన ప్రతి నిమిషం కొంత కండరం చచ్చిపోతుంది. అంచేత ఈ జబ్బులో మందుకంటే ముందు కావలసింది, మనం మాట ఆపేశామని గమనించే మనిషి.

మన వైపు గుండెపోటును దాచిపెట్టే మాట ఒకటే, గ్యాసు. ఛాతీ మధ్యలో బరువు, మంట, బిగింపు. అది దవడకో, భుజానికో, ఎడమ చేతికో, వీపుకో పాకడం. చల్లని చెమట, వాంతి వచ్చినట్టుండడం. కారణం లేని ఆయాసం. వీటిలో ఏది కనిపించినా గుండె కాదని డాక్టరు చెప్పేదాకా గుండే అనుకోవాలి. మధుమేహం ఉన్నవారికీ, ఆడవారికీ, ముసలివారికీ నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, నీరసం రూపంలో కూడా రావచ్చు. మనిషి స్పృహ తప్పి, ఊపిరి ఆడకుండా పడిపోతే చుట్టూ మూగి నీళ్ళు చల్లుతూ కూర్చోకూడదు. ఒకరు 108కి ఫోను చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యన రెండు చేతులు ఆనించి, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సాయం వచ్చేదాకా నొక్కుతూనే ఉండాలి. జట్టులో ప్రతి ఒక్కరూ దీన్ని ఒకసారి దగ్గరుండి నేర్చుకోవాలి.

మంగాపురం మెట్లు, మన మోకాళ్ళు

శ్రీనివాస మంగాపురంలో కల్యాణ వేంకటేశ్వరుడి గుడి ముందు జట్టు పది నిమిషాలు ఆగుతుంది. పద్మావతీ దేవిని పెళ్ళాడిన స్వామి, కొత్త దంపతులు ఆరు నెలలు కొండ ఎక్కకూడదని అగస్త్య మహర్షి చెప్పగా ఇక్కడే ఉండిపోయాడని స్థలపురాణం. ఇక్కడికి దగ్గరలోనే శ్రీవారి మెట్టు మొదలవుతుంది. 2,388 మెట్లు.

కుర్రాళ్ళకు ఆ మెట్లు చూడగానే కాళ్ళు దురద పెడతాయి. సైకిళ్ళు కింద పెట్టి ఒక పరుగు తీసి వద్దామంటారు. అలవాటున్న పాతికేళ్ళ వాడికి ఫరవాలేదు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన యాభై ఏళ్ళ వారికి మాత్రం ఒకే పూట సైకిలూ మెట్లూ రెండూ వద్దు. స్వామి అంతటివాడే ఆరు నెలలు ఆగాడు, మనం కొన్ని వారాలు ఆగితే తప్పులేదు.

మోకాళ్ళ సంగతి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. సైకిలు తొక్కితే కీళ్ళు అరుగుతాయని భయం. నిజానికి సైకిలు మీద ఒంటి బరువులో ఎక్కువ భాగం సీటు మోస్తుంది, మోకాలు ఆడుతుంది గాని దెబ్బ తినదు. కీళ్ళవాతం తొలిదశలో ఉన్నవారికి నడక కంటే సైకిలే సులువు. తొడ కండరం బలపడితే మోకాలికి అదే ఊతకర్ర. మోకాలు నొప్పి పెట్టేది సీటు ఎత్తు సరిగా లేనప్పుడు. మన వాళ్ళు కాలు నేలకు ఆనాలని సీటు బాగా కిందికి దింపుతారు. అప్పుడు మోకాలు ఎప్పుడూ మడతలోనే ఉండి ముందు భాగం నొప్పి పెడుతుంది. సరైన ఎత్తుకు చిన్న గుర్తు చెబుతాను. సీటు మీద కూర్చుని పెడలును పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు మునిపాదంతో తొక్కుతాం గనక మోకాలికి చిన్న వంపు మిగులుతుంది. అదే సరైన ఎత్తు. ఎగువ వచ్చినప్పుడు గేర్లున్నవారు తేలిక గేరులోకి రావాలి, లేనివారు దిగి నడవాలి. దిగి నడవడం నామోషీ కాదు.

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచులో నరం హాండిలుకు ఒత్తుకుంటున్నదన్న మాట. చేతులు మార్చి మార్చి పట్టుకోవాలి. కూర్చునే చోట మొద్దుబారితే లేచి నిలబడి తొక్కాలి, సీటు ముక్కు పైకెత్తి ఉందేమో చూసుకోవాలి. తరచూ అలా అవుతుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి.

కోట నీడన టిఫిను

మంగాపురం నుంచి చంద్రగిరి దగ్గరే. ఊరు దాటగానే రాతిగుట్ట, దాని మొదట్లో కోట గోడలు, వాటి మధ్య మూడంతస్తుల రాజమహలు కనిపిస్తాయి. ఇటుక, రాయి, సున్నంతో, కర్ర వాడకుండా కట్టిన మేడ అది. 15వ శతాబ్దంలో సాళువ నరసింహుడు చంద్రగిరి ఏలికగానే ఎదిగి 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చింది. 1639లో ఇంగ్లీషు కుంపిణీ వారికి మద్రాసులో చోటు దొరికినప్పుడు ఆ నేల చంద్రగిరి రాజుల ఏలుబడి కిందిదే. పక్కనే రాణీమహలు. రాజమహలులో పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉంది. మేము చేరే వేళకు దాని తలుపులు తెరవరు. ఎండ పడుతున్న మేడను బయటి నుంచే చూసి, ఒళ్ళు విరుచుకుని, టిఫిను బండి దగ్గరకు నడుస్తాం.

అసలు చిక్కు ఇక్కడే. ఒక మాదిరి వేగంతో గంటసేపు తొక్కితే సుమారు 70 కిలోల మనిషికి 400 క్యాలరీల వరకూ ఖర్చవుతాయి. నేతి పొంగలి, దాని పక్కన రెండు వడలు, పైన పంచదార కాఫీ పుచ్చుకుంటే ఖర్చయింది ఖర్చయినట్టే తిరిగి వస్తుంది, వడ్డీతో సహా. నాలుగు ఇడ్లీలు, పప్పు ఎక్కువగా ఉన్న సాంబారు, ఒక అరటిపండు చాలు. దాహం లేకపోయినా నీళ్ళు తాగాలి. చలిలో చెమట తెలియదు, దాహం కూడా సరిగా వేయదు. గంట గంటన్నర ప్రయాణానికి రంగునీళ్ళ సీసాలు, పొడులు ఏమీ అక్కరలేదు. మంచినీళ్ళు చాలు.

మధుమేహం ఉన్నవారు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. కండరం పని చేసేటప్పుడు రక్తంలోని చక్కెరను తనలోకి లాక్కుంటుంది. అందుకే సైకిలు ఈ జబ్బుకు మంచి మందు. కాని ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లైబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో తొక్కితే చక్కెర మరీ కిందికి పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం చాలా తక్కువ. మొదటి రకం వారు బయల్దేరే ముందు ఒక ఇడ్లీయో, అరటిపండో తినాలి. వీలుంటే వేలిచుక్కతో చూసుకోవాలి. ఆ ఉదయం తొడలో ఇన్సులిన్ వేసుకోకుండా పొట్ట మీద వేసుకోవడం మంచిది, పని చేస్తున్న తొడ నుంచి మందు తొందరగా పాకుతుంది. మోతాదు తగ్గించాలా అన్నది మీ డాక్టరు చెప్పాలి. వణుకు, చెమట, ఆకలి, చికాకు, మాట తడబాటు వస్తే ఆగి, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోవాలి. చక్కెర 70 కంటే తక్కువ ఉంటే అది పడిపోయినట్టే లెక్క. ఎక్కువ దూరం తొక్కిన రోజు రాత్రి కూడా పడిపోవచ్చు గనక ఆ రాత్రి భోజనం మానకూడదు. పాదాలలో స్పర్శ తగ్గినవారు ఇల్లు చేరగానే చెప్పులు విప్పి అరికాళ్ళు చూసుకోవాలి.

తిరుగుదారి

తిరిగి వచ్చేటప్పుడు కొందరు తొండవాడ మీదుగా పెద్ద రోడ్డున వస్తారు. కల్యాణి, భీమ, స్వర్ణముఖి కలిసే చోట అగస్త్యేశ్వరుడి గుడి ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే స్వర్ణముఖి, 2021 నవంబరులో ఊళ్ళను భయపెట్టేంత వరదై వచ్చింది. మంచి వానలు పడ్డ ఏడు చలికాలంలో సన్నని నీటిపాయ ఎండకు మెరుస్తుంటుంది.

అందం చూస్తూ ఆదమరవకూడదు. అప్పటికి లారీలు, కార్లు, కొండకు పోయే బస్సులు బయల్దేరి ఉంటాయి. పెద్ద రోడ్డు మీద కబుర్లు బంద్. ఒకరి వెనక ఒకరు, మధ్యలో రెండు సైకిళ్ళ ఎడం ఉంచుకుని, ఎడమ అంచున రావాలి. తలకు హెల్మెట్, వెనక ఎర్రదీపం, ముందు తెల్లదీపం, మీద లేతరంగు చొక్కా ఉండాలి. మంచులో నల్ల చొక్కా వేసుకున్నవాడు లారీ డ్రైవరు కంటికి లేనట్టే. చెవుల్లో పాటల తీగలు పెట్టుకోవడం పెద్ద తప్పు.

ఎవరైనా పడి దెబ్బ తగిలితే మెడ కదపకుండా చూసి 108కి చెప్పాలి. "పోలీసు గొడవ మనకెందుకు" అని తప్పుకోనక్కరలేదు. రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవారిని వేధించకుండా 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు బలమిచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేర్చారు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

ఆదివారం ఒక్కటే చాలునా?

సైకిలు మనకు కొత్త వస్తువు కాదు. గంటకింతని అద్దెకు తెచ్చుకుని, సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్న తరం మాది. పాలవాడు, పోస్టుమాను, పంతులు, కాంపౌండరు అందరూ దాని మీదే తిరిగారు. ఎవరూ దాన్ని వ్యాయామం అనలేదు. తర్వాత స్కూటర్లు వచ్చాయి, సైకిలు పేదవాడి బండి అయింది, మన నడుములు పెరిగాయి. ప్రపంచ సైకిలు దినమైన జూన్ 3నే, 2020లో, అట్లాస్ వారి సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడడం చూసి బాధపడ్డవాళ్ళలో నేనొకణ్ణి.

కదలిక గుండెను కాపాడుతుందన్న మాట లండను బస్సుల్లో మొదట గట్టిగా తేలింది. డాక్టరు జెర్రీ మోరిస్ 1953లో రెండంతస్తుల బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూశాడు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా ఉంది, కూర్చుని నడిపే డ్రైవర్లకు ఎక్కువగా ఉంది. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరుకు గుండెపోటు వచ్చినప్పుడు చూసిన డాక్టరు పాల్ డడ్లీ వైట్ తానూ సైకిలు తొక్కుతూ, జనాన్నీ తొక్కమని చెప్పేవాడు. ఆయన పేరుతో బోస్టను నది ఒడ్డున సైకిలు దారే ఉంది.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఒక మాదిరి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. శని ఆదివారాల్లో చంద్రగిరి రెండుసార్లు వెళ్ళివస్తే ఆ లెక్క దాదాపు తీరుతుంది. బ్రిటనులో సుమారు 90,000 మంది ముంజేతులకు కదలికను కొలిచే పరికరం కట్టి చేసిన పరిశీలన 2023లో వెలువడింది. ఆ నిమిషాలను వారంలో ఒకటి రెండు రోజుల్లోనే పూర్తి చేసినవారికి కూడా గుండెజబ్బులు, పక్షవాతం తగ్గినట్టు అందులో కనిపించింది. పని ఒత్తిడి ఉన్నవారికి ఇది ఊరట. అయితే మధుమేహం ఉన్నవారికి మాత్రం ఆదివారం ఒక్కటే చాలదు. వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పని చేయడమన్నది ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. అంచేత వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ ఉంచకుండా, మధ్య రోజుల్లో కూరలకో, పాలకో సైకిలు మీదే వెళ్ళండి. దాని కోసం వేలకు వేలు పోసి కొనక్కరలేదు. బ్రేకులు పట్టి, గొలుసుకు నూనె ఉన్న ఏ సైకిలైనా గుండెకు ఒకటే.

గుర్తుంచుకోవలసినవి

1. కొత్తవారు మొదటి వారం 5 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి రెండు మూడు చొప్పున పెంచుకోవాలి. చంద్రగిరి ఆరేడు వారాల తర్వాత.

2. వెలుగు వచ్చాకే బయల్దేరాలి. మొదటి పావుగంట మెల్లగా తొక్కాలి.

3. జేబులో పేరు, రక్తం గ్రూపు, వాడే మందులు, ఇంటివాళ్ళ ఫోను నెంబరు రాసిన చీటీ ఉండాలి.

4. జట్టు సంచిలో పంచదార, ఆస్పిరిన్ మాత్రలు, కట్టుగుడ్డ, గాలిపంపు ఉండాలి.

5. చివర వచ్చేవారు జట్టులోకెల్లా అనుభవజ్ఞులై ఉండాలి.

6. తొక్కేటప్పుడు ఛాతీలో ఏ ఇబ్బంది వచ్చినా అక్కడే ఆగాలి. "ఇంటికి పోయి చూసుకుందాం" అనకూడదు.

మీ ఊళ్ళో రాజమహలు లేకపోవచ్చు. చెరువు కట్టో, పొరుగూరి గుడో ఉండకపోదు. నలుగురు తోడు చూసుకోండి. ఎవరు ముందు చేరారని లెక్క పెట్టుకోకుండా, పక్కవారి మాట వినిపిస్తోందా లేదా అని మాత్రం చూసుకుంటూ వెళ్ళండి.